అంబాసిడర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాక సైలెన్సర్‌లో పేలుళ్లు – విజయనగరం వైపు ఎవరికైనా ఇలా అయిందా?

కోట_అంబాసిడర్ | విజయనగరం

అందరికీ నమస్కారం. మాది 1986 మార్క్ 4 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు ఇంజను. నాన్నగారు కొన్న బండి, ఇంట్లోనే ఉంది, ఇంట్లోనే ఉంటుంది. పాయింట్లు (స్పార్కు పడేందుకు కాయిల్ కరెంటుని తెంచే పాతరకం స్విచ్చు) ఊరికే కాలిపోతున్నాయి, ఇప్పుడు దొరికే పాయింట్ సెట్లు, కండెన్సర్లు ఎక్కువ రోజులు ఆగడం లేదు. అందుకని ఈమధ్య అవి తీయించేసి, డెల్కో (ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) లోపలే కూర్చునే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ బిగించాం. రోటర్ కింద అయస్కాంతాల రింగు, ప్లేటు మీద చిన్న నల్ల డబ్బా, దాన్నుంచి ఎరుపు, నలుపు రెండు వైర్లు. అంతే సరంజామా. దాంతోపాటు కాయిల్ (స్పార్కుకి కావాల్సిన వోల్టేజి పుట్టించేది), ప్లగ్ వైర్లు, ప్లగ్గులు కూడా కొత్తవి వేశాం.

స్టార్టింగ్ ఇప్పుడు చాలా బాగుంది. సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోంది. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, గడియారంలా నడుస్తోంది. రోడ్డెక్కితేనే గొడవ. యాభై, అరవైలో సమంగా పోతుంటే ఉన్నట్టుండి సైలెన్సర్‌లో ఢామ్మని పేలుతోంది. ఒక్కోసారి వరసగా రెండు మూడు. మొన్న మూడు లాంతర్ల దగ్గర పేలితే సైకిలు మీద పోతున్న పెద్దాయన దిగి పక్కకి నిలబడిపోయారు. అమ్మని గుడికి తీసుకెళ్లాలన్నా టెన్షన్‌గా ఉంది.

ఇక్కడి మెకానిక్ కార్బొరేటర్ మార్చేయమంటున్నాడు. దాన్ని ముట్టుకునే ముందు మీ మాట వినాలని రాస్తున్నాను.

సాలూరు_లారీ | సాలూరు

తమ్ముడూ, కార్బొరేటర్ జోలికి ఇప్పుడే వెళ్లకు. ఇగ్నిషన్ మార్చకముందు పేలలేదు, మార్చాక పేలుతోంది. ముందు చూడాల్సింది మార్చినవాటినే. కార్బొరేటర్ కూడా విప్పేస్తే రేపు ఏది ఎందుకు అవుతోందో ఎవరికీ అర్థం కాదు.

మూడు ప్రశ్నలు. పేలేది కచ్చితంగా సైలెన్సర్‌లోనేనా, ముందు కార్బొరేటర్‌లోంచి కూడా దగ్గుతోందా? యాక్సిలరేటర్ ఎంత తొక్కినప్పుడు? కాలు తీసినప్పుడా, తొక్కుతున్నప్పుడా, సమంగా పట్టుకున్నప్పుడా?

బ్యాక్‌ఫైర్ అని అందరూ ఒకే పేరు పెడతారు గానీ రెండూ వేరు. కార్బొరేటర్‌లోంచి వస్తే ఇన్‌లెట్ వాల్వు మూసుకోకముందే మంట అంటుకుంటోందని. టైమింగ్ (స్పార్కు పడే క్షణం) బాగా తప్పినా, వైర్లు తారుమారైనా, గాలి ఎక్కువై పెట్రోలు పలచబడినా వస్తుంది. సైలెన్సర్‌లో వస్తే లోపల కాలకుండా తప్పించుకున్న పెట్రోలు ఆవిరి బయట వేడి గొట్టంలో అంటుకుంటోందని. అంటే ఎక్కడో స్పార్కు తప్పుతోంది, లేదా బాగా ఆలస్యంగా పడుతోంది.

ఇంకో మాట. ఇది తేలేదాకా ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి బండి నడపొద్దు. కార్బొరేటర్‌లోంచి మంట వెనక్కి తంతే దాన్ని ఆపేది ఆ డబ్బాయే.

అరసవల్లి_పద్మిని | శ్రీకాకుళం

ముందు ప్లగ్ వైర్ల వరస చూడండి అన్నా. కొత్త వైర్లు వేశామన్నారు కదా. అంబాసిడర్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో స్పార్కు పడే వరస, 1-3-4-2. రేడియేటర్ పక్కది ఒకటో నంబరు. డెల్కోని పైనుంచి చూస్తే రోటర్ గడియారం ముల్లుకి ఎదురు దిక్కున తిరుగుతుంది, కాబట్టి వైర్లు కూడా ఆ దిక్కునే 1-3-4-2 రావాలి. చాలామంది వరస సరిగ్గా వేసి దిక్కు తప్పుతారు.

కోట_అంబాసిడర్ | విజయనగరం

వరస చూశాను, దిక్కుతో సహా సరిగ్గానే ఉంది. వరస తప్పితే స్లోలోనే తెలిసిపోయేది కదా, స్లోలో ఏ తేడా లేదు.

సాలూరు అన్నకి: సైలెన్సర్‌లోనే. కార్బొరేటర్ నుంచి ఒక్కసారి కూడా రాలేదు. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి సమంగా పట్టుకున్నప్పుడే ఎక్కువ. గజపతినగరం రోడ్డు మీద సాఫీగా పోతున్నప్పుడు తెగ పేలుతోంది. గట్టిగా తొక్కి ఓవర్‌టేక్ చేసినప్పుడు పేలినట్టు గుర్తులేదు, మళ్లీ గమనించి చెబుతాను.

ఇచ్ఛాపురం_రోడ్డు | ఇచ్ఛాపురం

నాది వేరే అభిప్రాయం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, పాత జెట్లతో (పెట్రోలు వచ్చే సన్న కన్నాలతో) ఉన్న అదే కార్బొరేటర్‌ మిక్స్చర్ (గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం) పలచబడుతుంది. పలచబడితే సగం తొక్కుడులో మిస్సింగ్, మిస్సింగ్ ఉంటే సైలెన్సర్‌లో పేలుళ్లు. మెకానిక్ మాట పూర్తిగా కొట్టిపారేయకండి. కనీసం ప్లగ్గులు విప్పి రంగు చూడండి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పలచన, నల్ల మసి ఉంటే చిక్కన, గోధుమరంగు అయితే సరి. పాత రబ్బరు పెట్రోలు పైపులు కూడా మార్చుకోండి, ఇథనాల్‌కి అవి మెత్తబడి పగులుతాయి.

సాలూరు_లారీ | సాలూరు

పైపుల మాట నిజం, అవి ఎలాగూ మార్చాల్సిందే. కానీ పెట్రోలు అంతకుముందు రోజు కూడా అదే కదా. పాయింట్లతో పేలని బండి మాడ్యూల్‌తో పేలుతోంది. ప్లగ్ రంగు చూడమన్నది మాత్రం మంచి సలహా.

టైమింగ్_మాస్టారు | బొబ్బిలి

బాబూ, టైమింగ్ లైటు (స్పార్కు పడ్డప్పుడల్లా మెరిసే లైటు) పెట్టి చూశారా? చాలామంది పాయింట్లు తీసి మాడ్యూల్ పెట్టేస్తారు, డెల్కో కదల్చలేదు కాబట్టి టైమింగ్ మారలేదనుకుంటారు. మారుతుంది. పాయింట్లు విడిపోయే క్షణం వేరు, అయస్కాంతం మాడ్యూల్ ఎదురుగా వచ్చే క్షణం వేరు. మాడ్యూల్ వేశాక టైమింగ్ మళ్లీ మొదటినుంచి కట్టాల్సిందే. క్రాంక్ పుల్లీ మీద గాడి, టైమింగ్ కవర్ మీద సూదులు ఉంటాయి. గాడిలో కొంచెం సుద్ద రాస్తే లైటుకి స్పష్టంగా కనిపిస్తుంది. మీ మాన్యువల్‌లో ఉన్న అంకెకే కట్టండి, పక్కవాళ్ల బండి అంకె వద్దు.

టైమింగ్ వెనకబడితే పేలుడు పూర్తికాకుండానే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది, ఇంకా మండుతున్న గ్యాసు గొట్టంలోకి పోతుంది. ఇంజను వేడెక్కుతుంది, పికప్ పడిపోతుంది. మీ బండికి పికప్ ఎలా ఉంది?

లైటు పట్టుకున్నప్పుడు దాని వైర్లు ఫ్యానుకి దూరంగా ఉంచండి. లైటు వెలుగులో ఫ్యాను ఆగిపోయినట్టు కనిపిస్తుంది, చెయ్యి పెట్టేస్తారు.

నాగావళి_వైరింగ్ | శ్రీకాకుళం

ఎలక్ట్రీషియన్‌గా నా మాట. ఈ మాడ్యూళ్లతో వచ్చే గొడవల్లో చాలావరకు మాడ్యూల్‌వి కావు, దానికి అందే కరెంటువి. వరసగా ఇవి కొలవండి.

మాడ్యూల్ ఎరుపు వైరుకి ఇంజను నడుస్తున్నప్పుడు నిండు బ్యాటరీ వోల్టేజి రావాలి. కొన్ని బండ్లలో కాయిల్‌కి ముందు బ్యాలాస్ట్ రెసిస్టర్ (వోల్టేజి తగ్గించే నిరోధకం) ఉంటుంది, ఎరుపు వైరు దాని తర్వాత కలిపితే మాడ్యూల్‌కి ఎనిమిదో తొమ్మిదో వోల్టులే అందుతాయి, స్పీడులో తడబడుతుంది. బ్యాలాస్ట్ లేని కాయిల్ అయితే దాని లోపలి ప్రైమరీ చుట్ట సుమారు 3 ఓమ్‌లు చూపించాలి. ఒకటిన్నర చూపిస్తే అది బ్యాలాస్ట్‌తో వాడే కాయిల్, నేరుగా కలిపితే కాయిలూ మాడ్యూలూ రెండూ వేడెక్కిపోతాయి.

రెండోది ప్లగ్ వైర్లు. లోపల ఉత్త రాగి తీగ ఉన్న వైర్లయితే వాటి నుంచి వచ్చే విద్యుత్ రొద మాడ్యూల్‌ని గందరగోళం చేస్తుంది, లేని చోట స్పార్కు కొట్టిస్తుంది. కార్బన్ కోర్ వైర్లు వేయాలి. పాయింట్లకి ఈ బాధ లేదు కాబట్టి పాతకాలపు వైర్లు అలాగే నడిచాయి.

ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజను ఆపి ఎక్కువసేపు ఉంచకండి. పాటలు వినడానికి అలా పెట్టి కాయిల్ కాల్చుకున్నవాళ్లని చూశాను.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి

రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి ఇంజను రేజ్ చేసి చూడండి. వైరు నుంచి వైరుకి, డెల్కో క్యాప్ మీద నీలం మెరుపులు పాకితే కంటికే కనిపిస్తాయి. మన వైపు సముద్రపు తేమకి క్యాప్ లోపల సన్నని నల్లగీతలు పడతాయి, కరెంటు ఆ గీత వెంటే దారి తప్పుతుంది. రోటర్‌ని కూడా చూడండి. అయస్కాంతాల రింగు పూర్తిగా కిందకి దిగకపోతే రోటర్ పైకి లేచి క్యాప్ లోపలి కార్బన్ బొడిపెని నొక్కేస్తుంది.

కోట_అంబాసిడర్ | విజయనగరం

అందరికీ చాలా థాంక్స్. ఆదివారం మధ్యాహ్నమంతా బండి దగ్గరే ఉన్నాను. ఒక్కొక్కటి చూసి రాస్తున్నాను.

టైమింగ్: మాస్టారు చెప్పినట్టు లైటు పెడితే కొంచెం వెనకబడే ఉంది. మాన్యువల్ అంకెకి కట్టాను. పికప్ బాగా మెరుగైంది. పేలుళ్లు తగ్గలేదు.

వోల్టేజి: ఇంజను నడుస్తుంటే ఎరుపు వైరు దగ్గర 13.7. కాయిల్ 3.1 ఓమ్‌లు. బ్యాలాస్ట్ లేదు.

ప్లగ్ వైర్లు: రాగివే. తీసేసి కార్బన్ కోర్ వైర్లు తెప్పించి వేశాను. రేడియోలో ఇంతకుముందు వచ్చే బరబర పోయింది. పేలుళ్లు అలాగే ఉన్నాయి.

చీకటి పరీక్ష: మెరుపులు లేవు. క్యాప్ లోపల శుభ్రంగా ఉంది. రింగు పూర్తిగా దిగింది, రోటర్ సరిగ్గా కూర్చుంది.

ప్లగ్గులు: నాలుగూ గోధుమరంగే, మూడోదాని మీద మాత్రం కొద్దిగా మసి. గ్యాప్ 0.025 అంగుళాలు.

ఇప్పుడు ఏం చూడాలి?

సాలూరు_లారీ | సాలూరు

ఇచ్ఛాపురం సోదరా, గోధుమరంగు ప్లగ్గులు చూశావు కదా, పెట్రోలు పలచన లేదు.

తమ్ముడూ, ఒక పని చెయ్యి. వీలైతే మా వైపు వచ్చి పాచిపెంట దాటి పి.కోనవలస ఘాట్ ఎక్కు. మూడో గేరులో యాక్సిలరేటర్ నేలకి ఆనేలా తొక్కి ఎక్కు. అక్కడ పేలుతుందా లేదా చెప్పు. తర్వాత దిగువన రామభద్రపురం రోడ్డు మీద కాలు కొద్దిగా పెట్టి సమంగా పట్టు. ఈ రెండింటి తేడా తెలిస్తే సగం పని అయిపోతుంది. కూడా ఎవరినైనా తీసుకురా, ఘాట్‌లో లారీలు ఎక్కువ, నువ్వు చెవులు సైలెన్సర్ మీద పెట్టకూడదు.

కోట_అంబాసిడర్ | విజయనగరం

వెళ్లొచ్చాను అన్నా, మా బావమరిదిని వెంట పెట్టుకుని. ఘాట్‌లో నిండుగా తొక్కి ఎక్కినంతసేపూ ఒక్క పేలుడు లేదు. లారీని దాటినప్పుడు కూడా లాగింది. కిందకి వచ్చి రామభద్రపురం దాటాక, రోడ్డు ఖాళీగా ఉన్నచోట, కాలు సగం కంటే తక్కువగా పెట్టి పట్టుకుంటే మొదలైంది. కాలు ఇంకొంచెం తొక్కితే ఆగుతోంది. వదిలితే ఒకటి పేలి ఆగుతోంది. మళ్లీ సగం పెడితే మళ్లీ అదే పాట.

టైమింగ్_మాస్టారు | బొబ్బిలి

ఇప్పుడు దారి దొరికింది బాబూ. నిండు లోడులో స్పార్కు సరిగ్గా పడుతోందంటే కాయిల్, వైర్లు, రోటర్ అన్నీ నిర్దోషులే. స్పార్కు దూకడం అన్నిటికంటే కష్టమయ్యేది నిండు లోడులోనే. అక్కడ పాసై, తేలిక లోడులో ఫెయిలవుతోందంటే తేలిక లోడులో మాత్రమే పనిచేసే భాగాన్ని అనుమానించాలి. మన డెల్కోలో అలాంటిది ఒకటే, వాక్యూమ్ అడ్వాన్సు.

కార్బొరేటర్‌లో థ్రాటిల్ రేకు పక్కనుంచి సన్న గొట్టం డెల్కో పక్కన ఉండే రేకు డబ్బాకి వస్తుంది కదా. స్లోలో ఆ కన్నం దగ్గర పీల్పు ఉండదు. సగం తొక్కినప్పుడు బాగా పీలుస్తుంది. నిండుగా తొక్కితే మళ్లీ దాదాపు సున్నా. పీల్చినప్పుడల్లా డబ్బాలో పొర వెనక్కి లాగి, డెల్కో లోపలి ప్లేటుని కొద్దిగా తిప్పుతుంది. తేలిక లోడులో మిక్స్చర్ నెమ్మదిగా మండుతుంది, స్పార్కు ముందే పడాలి, అందుకు ఆ ఏర్పాటు. మీ మాడ్యూల్ కూర్చున్నది ఆ తిరిగే ప్లేటు మీదే.

ముందుగా ఆ గొట్టం కార్బొరేటర్ వైపు పీకి, అక్కడి కన్నం మూసేసి బండి నడపండి. పేలుళ్లు ఆగితే, ఇంటికొచ్చి ఇంజను స్లోలో పెట్టి, డెల్కో వైపు ఉన్న గొట్టం చివర నోట్లో పెట్టుకుని పీల్చండి. లోపల పెట్రోలు వాసన ఉండొచ్చు, ముందు శుభ్రమైన రబ్బరు పైపు ముక్క తగిలించుకోండి.

నాగావళి_వైరింగ్ | శ్రీకాకుళం

మాస్టారూ, సరిగ్గా పట్టారు. ప్లేటు తిరిగినప్పుడే తప్పుతోందంటే నా అనుమానం రెండింటి మీద. ఒకటి, మాడ్యూల్ ఎరుపు, నలుపు వైర్లు బిగుసుకుని లాగబడుతున్నాయేమో, లేదా షాఫ్టుకి ఒరుసుకుని పైపొర పోయిందేమో. రెండోది ఎర్త్.

ప్లేటుకీ డెల్కో బాడీకీ మధ్య బట్ట తొడుగున్న చిన్న వైరు ఉంటుంది, బొటనవేలంత కూడా ఉండదు. పాయింట్లకైనా మాడ్యూల్‌కైనా ఎర్త్ దాని గుండానే. ప్లేటు తిరిగినప్పుడల్లా అది వంగుతుంది, లోపల జుట్టంత సన్నని తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. పైన బట్ట బాగానే కనిపిస్తుంది.

ఇంజను నడుస్తుండగా మల్టీమీటర్ ఒక సూది ప్లేటుకి, ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కి పెట్టాలంటే క్యాప్ అడ్డం కాబట్టి కుదరదు. ఇంజను ఆపి, క్యాప్ తీసి, ఓమ్‌లలో పెట్టి, ప్లేటుని వేలితో మెల్లగా తిప్పుతూ చూడండి. అంకె కదలకూడదు.

కోట_అంబాసిడర్ | విజయనగరం

దొరికింది! దొరికింది!

గొట్టం పీకి కన్నం మూసి గజపతినగరం దాకా వెళ్లొచ్చాను. ఒక్కటీ పేలలేదు. ఇంటికొచ్చి స్లోలో పెట్టి రబ్బరు ముక్కతో పీల్చాను. మెల్లగా పీలిస్తే ఇంజను కొంచెం చురుగ్గా తిరిగింది. గట్టిగా పీల్చగానే ఒక్క తడబాటు, సైలెన్సర్‌లో ఢాం. వదిలితే మామూలు. మళ్లీ పీలిస్తే మళ్లీ ఢాం. పక్కింటి పిల్లలు గోడ ఎక్కేశారు చూడటానికి.

క్యాప్ తీసి మీటర్ పెడితే, ప్లేటు మామూలుగా ఉన్నప్పుడు 0.4 ఓమ్. వేలితో తిప్పుతుంటే 3, 11, మళ్లీ 2, చివరికి వచ్చేసరికి మీటర్‌లో అంకే లేదు. ఎరుపు, నలుపు వైర్లు బాగానే ఉన్నాయి, వదులుగానే ఉన్నాయి. ఆ చిన్న బట్ట వైరుని పటకారుతో కొద్దిగా వంచితే బట్ట కింద మెత్తగా, ఖాళీగా తగిలింది. బట్ట చీల్చి చూస్తే తీగల్లో నాలుగైదు మాత్రం మిగిలాయి, మిగతావన్నీ పచ్చగా చిలుము పట్టి పొడి అయిపోయాయి.

ఇచ్ఛాపురం_రోడ్డు | ఇచ్ఛాపురం

శభాష్ బాబూ. అయితే ఒక సందేహం. ఆ వైరు మాడ్యూల్ వేసిన రోజే తెగలేదు కదా, పాయింట్లు ఉన్నప్పుడూ అలాగే ఉండుంటుంది. అప్పుడెందుకు పేలలేదు?

టైమింగ్_మాస్టారు | బొబ్బిలి

మంచి ప్రశ్న. పాయింట్లు వట్టి స్విచ్చు. ఎర్త్‌లో కొంచెం అడ్డు ఉంటే కాయిల్‌కి పోయే కరెంటు కొంచెం తగ్గుతుంది, స్పార్కు బలహీనపడుతుంది, కానీ ఇంజను ఎలాగో లాక్కొస్తుంది. బహుశా పాత రోజుల్లో కూడా హైవే మీద కొంచెం మందంగా ఉండేదేమో, వయసు అనుకుని ఊరుకుని ఉంటారు. మాడ్యూల్ అలా కాదు. దానికి ఎర్త్ అంటే కొలమానం మొదలయ్యే సున్నా. ఆ సున్నా ఒక్క క్షణం తేలిపోతే లోపలి ట్రాన్సిస్టర్ స్విచ్చింగ్ మానేస్తుంది, ఎర్త్ తగలగానే మళ్లీ ఏ క్షణాన పడితే ఆ క్షణాన కొడుతుంది. రెండు మూడు స్పార్కులు తప్పితే ఆ పెట్రోలంతా సైలెన్సర్‌లో చేరుతుంది, తర్వాత మండిన సిలిండర్ మంట దాన్ని అంటిస్తుంది. అందుకే ఆ మోత.

నాగావళి_వైరింగ్ | శ్రీకాకుళం

కొత్త వైరు వేసేటప్పుడు జాగ్రత్త. ఇంటి వైరింగ్ ముక్క వేయకండి, అది గట్టిది, వంగి వంగి నెల తిరక్కుండా తెగుతుంది. చాలా సన్నని పోగులు ఎక్కువగా ఉన్న మెత్తని వైరు కావాలి. మంచి మల్టీమీటర్ సూదులకి వచ్చే సిలికాన్ వైరు సరిగ్గా సరిపోతుంది. రెండు చివర్లా చిన్న లగ్గులు (స్క్రూ కింద బిగించే లోహపు కొనలు) పెట్టి టంకం వేయండి, టంకం మాత్రం లగ్గు దాటి వైరులోకి పాకకూడదు, పాకితే అక్కడే విరుగుతుంది. ప్లేటు చివరిదాకా తిరిగినా బిగుసుకోనంత వదులు ఉంచండి, రోటర్‌కి తగిలేంత వదులు వద్దు. స్క్రూ కింద లోహం మెరిసేదాకా గీకండి. ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే పెద్ద ఎర్త్ పట్టీని కూడా విప్పి శుభ్రం చేసేయండి, ఎలాగూ చెయ్యి పెట్టారు.

కోట_అంబాసిడర్ | విజయనగరం

మీరు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు ప్లేటు ఎంత తిప్పినా మీటర్ 0.1 దగ్గరే కదలకుండా ఉంది. గొట్టం మళ్లీ తగిలించి, టైమింగ్ ఇంకోసారి చూసి, నిన్న అమ్మని ఎక్కించుకుని అరసవల్లి వెళ్లొచ్చాం. రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా హైవేలో అరవైలో సమంగా, పోనూ రానూ ఒక్క పేలుడు లేదు. మూడో ప్లగ్ మీద మసి కూడా పోయింది. కార్బొరేటర్‌కి స్క్రూడ్రైవర్ తగల్లేదు.

మా మెకానిక్‌కి పాత వైరు ముక్క తీసుకెళ్లి చూపించాను. ఆయన దాన్ని అలాగే షాపులో మేకుకి తగిలించుకున్నాడు, ఇంకో రెండు బండ్లకి చూడాలి అన్నాడు.

అరసవల్లి_పద్మిని | శ్రీకాకుళం

అరసవల్లి దాకా వచ్చి కబురు కూడా పెట్టలేదేం అన్నా, మా ఇల్లు గుడి దగ్గరే. ఈసారి అమ్మగారితో భోజనానికి రావాలి.

నాదీ ఒక ప్రశ్న. నా ప్రీమియర్ పద్మిని కారుకి ఇంకా పాయింట్లే ఉన్నాయి, పేలుళ్లు లేవు. ఆ వైరు ఇప్పుడే మార్చేయనా, మాడ్యూల్ వేసేదాకా ఆగనా?

నాగావళి_వైరింగ్ | శ్రీకాకుళం

ఇప్పుడే మార్చు తమ్ముడూ, ఖర్చు ఏమీ లేదు. డెల్కో లోపలి అమరిక బండిని బట్టి మారుతుంది కాబట్టి విప్పేముందు ఫోన్‌లో రెండు ఫొటోలు తీసుకో. ఏడు రోడ్ల దగ్గర నా షాపు, సాయంత్రం ఆరు దాటాక తీసుకురా, మీటర్ పెట్టి ఇద్దరం కలిసి చూద్దాం. పాత పాయింట్ సెట్, కండెన్సర్ మాత్రం పారేయకు. మాడ్యూల్ వేశాక కూడా డిక్కీలో ఉంచుకో, దారిలో మాడ్యూల్ పోతే అరగంటలో పాయింట్లు బిగించుకుని ఇంటికి వచ్చేయొచ్చు.

సాలూరు_లారీ | సాలూరు

ఒక ఫీలర్ గేజ్ (సన్నని సందు కొలిచే రేకుల కట్ట) కూడా డిక్కీలో వేసుకోండి. పాయింట్ల గ్యాప్ అంబాసిడర్‌కి 0.014 నుంచి 0.016 అంగుళాలు, పద్మినికి మీ మాన్యువల్ చూసుకోండి.